మా చింతతోపు ఏ పటంలో ఉంది? (బిజినేపల్లి నుంచి – 6)



పోయిన నెల మా కాలేజీ పిల్లలతో నాగార్జునసాగర్ వెళ్లాం. డ్యామ్ చూశాక కృష్ణ కుడిగట్టున ఉన్న అనుపు చూపించాను. చుట్టూ నల్లమల గుట్టలు, అడవి, ఎదురుగా జలాశయం. ఆ నడుమ ఇటుకలతో, రాతి పలకలతో కట్టిన ఆరుబయలు రంగస్థలం. మధ్యలో చదునైన ఆటస్థలం, నాలుగు వైపులా పైకి పోయే మెట్లు. అడుగున నిలబడి మామూలు గొంతుతో మాట్లాడినా పై మెట్టు మీదున్నవాళ్లకు వినబడుతుంది.

పిల్లలు కిందికి దిగి పాటలు పాడారు, ఫొటోలు దిగారు. ఒక అమ్మాయి మాత్రం పై మెట్టు మీద కూర్చుని కిందికే చూస్తూ ఉండిపోయింది. బస్సు ఎక్కేటప్పుడు మెల్లగా అడిగింది.

"సార్, దీన్ని నీళ్లల్ల మునగకుండ తెచ్చి మల్ల కట్టిండ్రన్నరు గదా. మరి మా తాతోళ్లు బాగోతం ఆడిన జాగలు ఏడేడ ఉండెనో ఎవలన్న రాసిపెట్టిండ్రా?"

ఆ అమ్మాయిది చిందు కుటుంబం. నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాణ్ని. నా బీరువాలో నాటక చరిత్ర పుస్తకాలు రెండు అరలు నిండా ఉన్నాయి. ఆ అమ్మాయికి చెప్పడానికి నా దగ్గర ఒక్క వాక్యం లేదు. ఊరు చేరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఈ వారం రాత ఆ ప్రశ్నకు నేను బాకీ పడ్డ జవాబు.

రాళ్లకు దొరికిన పునరావాసం

ముందు ఆ మెట్ల సంగతి చెప్పుకుందాం. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలోది. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల నాటిది. 1926లో నాగార్జునకొండ లోయ పురావస్తు శాఖ కంటపడింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యామ్‌కు పునాదిరాయి వేశాడు. లోయ మునిగిపోతుందని తెలిసింది కాబట్టి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వారు. దొరికిన కట్టడాల్లో ముఖ్యమైనవాటిని కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని అనుపులో పునర్నిర్మించారు. అట్లా ఆ రంగస్థలం బతికింది.

మంచి పనే. నేను దాన్ని తప్పు పట్టడం లేదు. బౌద్ధం వెలిగిన లోయ అది. బాబాసాహెబ్ బిడ్డలుగా ఆ రాళ్ల మీద మనకూ ప్రేమ ఉంది.

ఇప్పుడు కృష్ణకు ఎదురెక్కి మా పాలమూరు వైపు రండి. శ్రీశైలం డ్యామ్ నీళ్లు ఇటు కొల్లాపూర్, అలంపూర్ వైపు, అటు కర్నూలు వైపు వందకు పైగా ఊళ్లను ముంచాయి. 1981లో జనాన్ని ఇళ్లలోంచి ఎట్లా వెళ్లగొట్టారో మా దగ్గర ఇప్పటికీ చెప్పుకునే ముసలివాళ్లు ఉన్నారు. ఆ మునకలోనూ కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. సోమశిల గుళ్లను, జటప్రోలు గుళ్లను గట్టుకు చేర్చారు. రాయికి నంబర్ వేశారు. ఏ రాయి మీద ఏ రాయి ఉండాలో కాగితం మీద గీసుకున్నారు. విప్పారు, మోశారు, పేర్చారు.

అంటే ఈ రాజ్యానికి ఒక జాగను గుర్తుపెట్టుకోవడం చేతకాక కాదు. నంబర్ వేయడం రాక కాదు. ఆ మునిగిన ఊళ్లన్నిటికీ ఒక్కో మాదిగవాడ ఉండె. ఆ వాడ పక్కన ఒక బయలో, ఒక తోపో ఉండె. ఏడాదికోసారి చిందోళ్లు వచ్చి అక్కడ రాత్రులకు రాత్రులు ఆడిపోయేవాళ్లు. వాటిలో ఒక్కదానికైనా నంబర్ పడిందా? గుడికి పునరావాసం దొరికింది. మనిషికి అరకొర పరిహారం దొరికింది. ఆటకు ఏం దొరికింది?

చింతతోపు

మునిగిపోయిన ఊళ్ల సంగతి ఎందుకు, మునగని మా ఊరి సంగతే చెప్తాను.

మా వాడకు అవతల చింతతోపు ఉండేది. నా చిన్నతనంలో, పంట కల్లాలు అయిపోయినంక, చిందు మేళం దిగేది. వాళ్లకు మా వాడ మీద మిరాశి ఉంది. ఏ మేళానికి ఏ ఊళ్లు అన్న పంపకం వాళ్లలో వాళ్లకు తరాలుగా ఉంది. వాళ్లు రావడం మా దయ కాదు, వాళ్ల హక్కు. ఇంటింటి నుంచి వడ్లో జొన్నలో కొలవాలి. మా అవ్వ గంప దించి కొలిచేటప్పుడు చెయ్యి వెనక్కి తీసేది కాదు. "వాళ్లు మన చరిత్ర జెప్పేటోళ్లు, కొల్చిన గింజ తక్వ గావద్దు" అనేది.

పొద్దుగూకే వేళకు చెట్టు కింద ముఖాలకు రంగు మొదలయ్యేది. అర్దళం, సఫేదా, కాటుక. పొనికి చెక్కతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు తట్టలోంచి ఒక్కొక్కటి బయటికి వచ్చేవి. మా పిల్లలం చుట్టూ మూగేవాళ్లం. పొద్దున మా ఇంటి ముందు గటక తాగిన తాత చూస్తుండగానే రాజు అయిపోయేవాడు. ఇద్దరు ఒక బట్ట అడ్డం పట్టుకునేవాళ్లు, అదే తెర. మద్దెల, తాళం, హార్మోనియం. ఆడవేషం ఆడమనిషే కట్టేది. దీన్ని కాస్త ఆగి ఆలోచించండి. పట్నంలో సంస్కర్తల నాటకాల్లో మీసాలు గొరిగించుకున్న మగవాళ్లు నాయికలుగా ఆడుతున్న రోజుల్లోనే మా చింతచెట్ల కింద ఆడది ఆడదానిగా, కావాలంటే మగవాడిగా కూడా నిలబడి ఆడింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. రంగస్థలం అంటే ఎవరు ఆడుతున్నారన్నది ఒక్కటే కాదు, ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది కూడా. ఊరి నడుమ హరికథ జరిగితే మావాళ్లు చిట్టచివర, చీకట్లో నిలబడేవాళ్లు. చావడి దగ్గర నాటకం వేస్తే అంతే. ఈ తోపులో మాత్రం ముందు వరుస మాది. మా నాయిన, మా చిన్నాయనలు గొంగడి పరుచుకుని ముందు కూర్చునేవాళ్లు. చూడాలనుకున్న ఊరివాళ్లు వచ్చి వెనక, చెట్ల మొదళ్ల దగ్గర నిలబడేవాళ్లు. ఏడాదిలో కొన్ని రాత్రులు మా ఊరు తలకిందులయ్యేది. నాకు కుల సమాజం తిరగబడగలదని మొదట చెప్పింది ఏ పుస్తకమూ కాదు. ఆ కూర్చునే తీరు చెప్పింది.

మొదట ఆడేది మన కథ. జాంబ పురాణం. భూమి పుట్టక ముందే పుట్టిన ఆది జాంబవుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు. ఎవడు ముందు, ఎవడు వెనక, ఎవడు ఎవడికి బాకీ. ప్రశ్న మీద ప్రశ్న. పొద్దంతా వెట్టి చేసి వచ్చినవాడు రాత్రి తన మూలపురుషుడు అవతలివాణ్ని నిలదీస్తుంటే చూస్తాడు. తెల్లారి మళ్లీ వెట్టికే పోతాడు. కానీ పోయేవాడు నిన్నటివాడు కాదు.

ఆ తోపు ఇప్పుడు లేదు. 2016 అక్టోబర్‌లో నాగర్‌కర్నూల్ జిల్లా అయ్యింది. రోడ్డు పక్క భూములకు రెక్కలొచ్చాయి. చింతచెట్లు కొట్టేశారు, కడీలు పాతారు, ప్లాట్లు చేశారు. ఎవరిని అడగాలి? ఆ తోపు కాగితం మీద ఎప్పుడూ మాది కాదు. ధరణిలో వెతికినా లేదు, దాని తర్వాత వచ్చిన భూభారతిలో వెతికినా లేదు. పట్టాదారుకు కాలమ్ ఉంది, కౌలుదారుకు ఒకప్పుడు ఉండేది. తరాలుగా ఆడిన ఆటకు, చూసిన కళ్లకు ఏ పహాణీలోనూ కాలమ్ లేదు.

ఐదో వేదం ఉంది, ఐదో స్తంభం లేదు

తెలుగు ఎం.ఏ. చదివే పిల్లలకు నాట్యశాస్త్రం గురించి చెప్పేటప్పుడు మేం ఒక మాట గొప్పగా చెప్తాం. వేదాలు వినే హక్కు శూద్రులకు లేదు కాబట్టి, అన్ని వర్ణాలకూ పనికొచ్చేలా బ్రహ్మ ఐదో వేదంగా నాట్యాన్ని సృష్టించాడని మొదటి అధ్యాయం చెప్తుంది. ఎంత ఉదారం అని మురిసిపోతాం. అక్కడితో పాఠం ఆపేస్తాం.

రెండో అధ్యాయం కూడా తెరవండి. నాటకశాల ఎట్లా కట్టాలో అందులో ఉంది. దీర్ఘచతురస్రం, చతురస్రం, త్రికోణం అని మూడు ఆకారాలు. పునాది వేసే రోజున ఎవరిని దూరంగా పంపేయాలో ఒక జాబితా ఉంది. పాషండులు, శ్రమణులు, కాషాయం కట్టినవాళ్లు, అంగవైకల్యం ఉన్నవాళ్లు. ఆ తర్వాత స్తంభాలు. బ్రాహ్మణ స్తంభం, క్షత్రియ స్తంభం, వైశ్య స్తంభం, శూద్ర స్తంభం. నాలుగే.

వేదం ఐదోది అయింది కానీ స్తంభం ఐదోది లేదు. పంచముడు నిలబడడానికి ఆ మండపంలో ఒక మూల కూడా లేదు. మనకు పైకప్పు లేని రంగస్థలం ఎందుకు వచ్చిందో అర్థమైందా? జానపదులకు ప్రకృతి అంటే ప్రేమ కాబట్టి చెట్ల కింద ఆడారని వ్యాసాలు రాస్తారు. ప్రేమ కాదు సారూ. లోపలికి రానీయలేదు.

శ్రమణులను వెళ్లగొట్టమన్న శాస్త్రం ఒకవైపు. శ్రమణుల విహారాల నడుమ నిలిచిన విజయపురి రంగస్థలం ఒకవైపు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివిన తెలుగు పాఠం నేను విద్యార్థిగా ఒక్కటి కూడా వినలేదు. అయితే ఆ విజయపురినీ స్వర్గంలా చూపించను. ఆ ఇక్ష్వాకుల్లో రాణులు బౌద్ధానికి దానాలు ఇచ్చారు, రాజు అశ్వమేధం చేశాడు. కింది మెట్టు ఎవరిదో, పై మెట్టు ఎవరిదో రాళ్లు చెప్పవు. కానీ మా చింతతోపులో ముందు వరుస ఎవరిదో నేను చెప్పగలను. నేను అక్కడ కూర్చున్నాను.

ఇక మన సిలబస్. తెలుగు నాటకం ఎప్పుడు మొదలైంది? 1880లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో 'వ్యవహార ధర్మబోధిని' ఆడించడంతో. తర్వాత 1885లో సురభి. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ప్రదర్శన. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు. ఇవన్నీ నిజాలే, నేనూ చెప్తాను. వీరేశలింగం పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా కూడా జరుపుతారు. మరి 1880కి ముందు రాత్రంతా పాత్రలు కట్టి, సంభాషణలు చెప్పి, పాటలు పాడి, వేలమందిని కూర్చోబెట్టినవాళ్లు ఏం చేస్తున్నట్టు? నిద్రపోతున్నట్టా?

దానికి సమాధానం సిద్ధంగా ఉంటుంది. అది నాటకం కాదు, జానపద కళారూపం. పేపర్ వేరు, యూనిట్ వేరు, మార్కులు వేరు. నాటకానికి రచయిత ఉంటాడు, బాగోతానికి 'అజ్ఞాత' ఉంటాడు. నాటకానికి చరిత్ర ఉంటుంది, బాగోతానికి 'ప్రాచీనత' ఉంటుంది. చరిత్ర ఉన్నవాడికి తేదీలు ఇస్తారు. ప్రాచీనత ఉన్నవాడికి పూలదండ ఇస్తారు.

కొందరు మిత్రులు వెంటనే అంటారు: బిరుదురాజు రామరాజు రాయలేదా, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి రాయలేదా, జయధీర్ తిరుమలరావు, పులికొండ సుబ్బాచారి పని చేయలేదా అని. రాశారు, చేశారు. వాళ్ల పుస్తకాలు లేకపోతే నా పరిశోధనే లేదు, దండం పెట్టి చెప్తున్నాను. నా గొడవ సేకరించినవాళ్లతో కాదు. సేకరించినదాన్ని నాటక చరిత్రలోకి రానివ్వకుండా గుమ్మం దగ్గర ఆపినవాళ్లతో.

'బాగోతం' అని తిట్టేవాళ్లకు

రేపు పొద్దున పేపర్ తెరవండి. "బట్టబయలైన అధికారి బాగోతం." "ఇసుక మాఫియా బాగోతం." టీవీ పెట్టండి, "రాసలీలల బాగోతం". ఒక జాతి బతుకంతా ధారపోసిన కళ పేరు మన పత్రికా భాషలో కుంభకోణానికి, లంజరికానికి పర్యాయపదం.

అదొక్కటేనా? కోపంతో ఊగేవాడు "చిందులు తొక్కుతాడు". మోసగాడు "పగటివేషాలు వేస్తాడు". గొప్పలు చెప్పుకునేవాడు "సొంత డప్పు కొట్టుకుంటాడు". చిందు, వేషం, డప్పు. మన కాళ్లు, మన ముఖం, మన చేతులు. మూడింటినీ తిట్లు చేసి జేబులో వేసుకున్నారు. అదే భాషలో మంచి మాట కావాలంటే "రాగం", "శ్రుతి", "లయ" వస్తాయి. సామరస్యానికి శ్రుతి కలుస్తుంది, రచ్చకు డప్పు మోగుతుంది. నిఘంటువుకు కులం లేదని చెప్పేవాళ్లు ఈ ఒక్క పేరా నా ముందు కూర్చుని చదవాలి.

"నాటకాలాడుతున్నావా అని కూడా తిడతారు కదా సార్" అని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. తిడతారు. కానీ ఆ మరక కడుక్కోవడానికి నాటకానికి ఠాగూర్ శతజయంతి ఏడాది 1961లో హైదరాబాద్‌లో రవీంద్రభారతి వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో రంగస్థల శాఖలు వచ్చాయి. నంది నాటకోత్సవాలు వచ్చాయి. పబ్లిక్ గార్డెన్స్‌లో ఆకాశం కింద ఆడుకోవాలని సరదా పుడితే లలిత కళాతోరణం వచ్చింది. బాగోతానికి ఆ మరక కడుక్కోవడానికి ఒక నీళ్ల చెంబు కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఆకాశం కింద కూర్చోవడంలోనూ కులం ఉందని ఇక్కడే తెలుస్తుంది. ఠాగూర్ చెట్ల కింద పాఠం చెప్తే శాంతినికేతనం. మా తాతలు చెట్ల కింద పురాణం చెప్తే 'మాదిగోళ్ల బాగోతం'. చెట్టు ఒకటే. నీడ ఎవరి మీద పడిందన్నదే తేడా.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం

ఇక్కడిదాకా చప్పట్లు కొట్టిన మాదిగ మిత్రులు ఇక్కడ కాస్త ఆగండి. ఎదుటివాళ్లను అడిగిన ప్రశ్న మనల్ని మనం అడగకపోతే ఈ రాత అబద్ధం అవుతుంది.

మా తోపుకు చిందోళ్లే కాదు, డక్కలోళ్లు కూడా వచ్చేవాళ్లు. కిన్నెర పట్టుకుని, పటం విప్పి జాంబ పురాణం చెప్పేవాళ్లు. మన వంశాలు, గోత్రాలు వాళ్ల నోట్లో భద్రంగా ఉండేవి. మనం వాళ్లను వాడలోకి రానిచ్చామా? లేదు. వాళ్లు బయటనే, చెట్ల కిందనే ఆగాలి. మన మంచం ముట్టొద్దు, మన కుండ ముట్టొద్దు. మనం ఇచ్చింది అందుకోవాలి. ఊరు మనల్ని వాడలో పెట్టింది. మనం వాళ్లను తోపులో పెట్టాం. పైవాడు మనకు చేసినదాన్ని మనం కిందివాడికి అప్పజెప్పాం. అంబేడ్కర్ చెప్పిన మెట్లు మెట్లుగా ఉండే అసమానత్వం అంటే ఇదే. అనుపు మెట్లు నీళ్లలోంచి లేచాయి. ఈ మెట్లు మన నెత్తుట్లోంచి దిగలేదు.

మా నాయినకు చివరి రోజుల్లో దీని గురించే అడిగాను. "మీరు డక్కలాయనను ఎందుకు లోపలికి రానియ్యలె నాయినా?" చాలాసేపు మాట్లాడలేదు. "మాకు ఎవలన్న ఒకడు కింద ఉండాలె గద బిడ్డా" అన్నాడు. అంతకంటే నిజాయితీ గల కుల విశ్లేషణ నేను ఏ జర్నల్‌లోనూ చదవలేదు.

వర్గీకరణ కోసం 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా మోగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులు అయ్యాయి. 1 శాతం, 9 శాతం, 5 శాతం. డక్కలి మొదటి గ్రూపులో, చిందు మనతో పాటు రెండో గ్రూపులో. మనం ముప్పై ఏళ్లు రోడ్డెక్కి అడిగిన న్యాయం ఇది. కానీ రెండో గ్రూపులో వచ్చే కొలువులు మన ఇళ్లకే వచ్చి, చిందు పిల్ల డిగ్రీ దగ్గర ఆగిపోతే? "మమ్మల్ని అణచినవాళ్లు మాలలు" అని ముప్పై ఏళ్లు అన్న నోటితో మనం ఏం జవాబు చెప్తాం? ఆ రోజు బస్సు దగ్గర ప్రశ్న అడిగిన అమ్మాయి నా వైపు చూసిన చూపులో ఇది కూడా ఉంది.

ఇంకొకటి. చదువుకున్న మనం బాగోతం అంటే సిగ్గుపడ్డాం. పిల్లల పెళ్లికి డీజే పెట్టాం, మేళానికి మిరాశి ఎగ్గొట్టాం. "ఇంకా ఈ ఎల్లమ్మ వేషాలేంది" అని అభ్యుదయం మాట్లాడాం. ఎల్లమ్మ వేషం వెనక జోగిని దురాచారం ఉంది, 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది, దాని మీద పోరాటం ఆగకూడదు. రాత్రి దేవతగా మొక్కి పగలు ఆడదాన్ని అంగడి చేసే ఆచారాన్ని కళ పేరుతో ఎవరు వెనకేసుకొచ్చినా నేను ఎదురు నిలబడతాను. కానీ దురాచారాన్ని తీసేయడం వేరు. దురాచారం పేరు చెప్పి కళాకారిణి నోట్లో బుక్క తీసేయడం వేరు.

మహారాష్ట్ర వైపు చూడండి. అక్కడి దళితుల చేతిలోనూ తమాషా ఉండె, దానికీ ఇట్లాంటి మరకలే ఉండె. వాళ్లు దాన్ని పారేయలేదు. దేవుడి స్తుతి ఉన్న చోట బాబాసాహెబ్ పోరాటాన్ని పెట్టి అంబేడ్కరీ జల్సా చేశారు. భీమ్‌రావ్ కర్దక్ లాంటివాళ్లు ఊరూరా తిరిగి ఆడారు. చదువురాని వాడలకు ఉద్యమం ఆ జల్సాల మీదనే నడిచిపోయింది. మన దగ్గర జాంబ పురాణమే ఉంది. బ్రాహ్మణుణ్ని ప్రశ్నించే వాదం తయారుగా ఉంది. మనం దాన్ని అటక మీద పడేసి ఉద్యమానికి కొత్త పాటలు వెతుక్కున్నాం.

పద్మాలు సరే, పొట్ట సంగతి?

"ఇప్పుడు గుర్తింపు వస్తోంది కదా" అంటారు. వస్తోంది. చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూసేదాకా ఆడుతూనే ఉంది, బిరుదులూ అందుకుంది. మా జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర ఆయనది. వెదురు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం. నల్లమల అడవే ఆ వాయిద్యంగా మారింది. 2024లో చిందు యక్షగానానికి జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణకు నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు పద్మశ్రీలు వచ్చాయి. సంతోషించాను, పిల్లలకు స్వీట్లు పంచాను.

అదే 2024 మే నెలలో మొగిలయ్య హైదరాబాద్ శివార్లలో కట్టడం దగ్గర కూలి పని చేస్తున్న ఫొటో దేశమంతా చూసింది. పేరుకు పద్మం, చేతికి కూలి పని. ఆ ఫొటో ఒక మనిషి దురదృష్టం కాదు, ఒక విధానం. ఈ రాజ్యం కళాకారుణ్ని గౌరవిస్తుంది, కళకు కూలి ఇవ్వదు. ప్రభుత్వ పథకాల పాటలు పాడించుకోవాలంటే జీతాలిచ్చి సాంస్కృతిక సారథి పెట్టగలిగారు. మరి జాంబ పురాణం ఆడే మేళానికి జీతం ఎందుకు లేదు? అది ఏ పథకాన్నీ పొగడదు, ప్రశ్న అడుగుతుంది కాబట్టా?

పట్నం వేదికల సంగతీ తెలుసు. ఒక సాంస్కృతిక సభలో చిందు మేళానికి ఏడు నిమిషాలు ఇచ్చారు. నేను అక్కడే ఉన్నాను. రాత్రంతా ఆడే ఆటను ఏడు నిమిషాలకు కోసుకుని, రంగు పూసుకోవడానికి రెండు గంటలు పట్టిన ఆ పెద్దాయన వేదిక దిగి నాతో అన్నాడు: "సారూ, నా జాంబవుడు ఇంక పుట్టనే లేదు, దిగుమన్నరు."

ఈ ఒక్క మాట చాలదా?

ఏం అడుగుదాం, ఏం చేద్దాం

ఒకటి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో నాటక చరిత్ర పాఠం 1880తో మొదలు కాకూడదు. చిందు, డక్కలి, బైండ్ల ప్రదర్శనలు నాటకం పేపర్లోకే రావాలి, జానపదం అనే పక్క గదిలోకి కాదు. పాఠం చెప్పడానికి ఆ కళాకారులనే అతిథి అధ్యాపకులుగా పిలవాలి. నెట్, సెట్ పాస్ కాలేదని అనొద్దు. పరీక్ష పెట్టేవాళ్లకే ఆ సబ్జెక్టు రాదు.

రెండు. ప్రతి మండలంలో ఒక ఆరుబయలు ఆటస్థలం వాడ దగ్గరే కావాలి. సినిమా హాలు లాంటి భవనం అక్కర్లేదు. నాలుగు చెట్లు, చదును చేసిన నేల, కరెంటు, నీళ్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గది. ఇది పెద్ద ఖర్చు కాదు. ఒక విగ్రహం ఖర్చులో ఎన్ని ఆటస్థలాలు వస్తాయో లెక్క వేసుకోండి.

మూడు. సన్మానం కాదు, కూలి. శాలువా పొయ్యి మీద ఉడకదు. మేళానికి ఏడాదికి ఇన్ని ప్రదర్శనలని ఒప్పందం, ప్రదర్శనకు ఇంత అని కూలి, ముసలి కళాకారులందరికీ పింఛను.

నాలుగు. పత్రికల మిత్రులకు. కుంభకోణాన్ని కుంభకోణం అనండి, మోసాన్ని మోసం అనండి. తెలుగులో మాటలకు కరువు లేదు. మా తాతల కళ పేరు మీ హెడ్డింగుల్లోంచి తీసేయండి.

ఐదు. ఇది మనకు. మిరాశి కొలవడం మళ్లీ మొదలుపెడదాం, కానీ దానంగా కాదు, పక్కన కూర్చోబెట్టుకుని. డక్కలాయన మన గడప దాటి లోపలికి వచ్చి, మన మంచం మీద కూర్చుని, మన కంచంలో తిని, అప్పుడు కిన్నెర తీయాలి. అది జరగని వాడలో జై భీమ్ అనే హక్కు మనకు లేదు.

ఆరోది విద్యార్థుల పని, ఈ సెలవుల్లోనే. మీ ఊరికి పోండి. డెబ్భై దాటిన అవ్వను, తాతను కూర్చోబెట్టి అడగండి. బాగోతం ఎక్కడ ఆడేవాళ్లు? ఏ చెట్టు కింద? ఏ మేళం వచ్చేది? ఎన్ని రాత్రులు? ఏ కథలు? ఎవరు ముందు కూర్చునేవాళ్లు, ఎవరు వెనక? ఆ జాగ ఇప్పుడు ఏమైంది? సర్వే నంబర్‌తో సహా రాసుకోండి. గుడి రాళ్లకు నంబర్ వేసినట్టే మన జాగలకు మనమే నంబర్ వేద్దాం. కూడిన ఊళ్లన్నీ పెట్టి ఒక పటం గీద్దాం. ప్రభుత్వం గీసేదాకా ఆగితే, చెప్పే అవ్వలు ఉండరు.

మొదటి నంబర్ నేను వేశాను. బిజినేపల్లి, మాదిగవాడ అవతల, చింతతోపు. ఇప్పుడు ప్లాట్లు. ఒక్క చెట్టు మిగిలింది, రోడ్డు మలుపులో, కరెంటు స్తంభం పక్కన. ఆ స్తంభం చూసినప్పుడల్లా నాకు ఆ ఐదో స్తంభం గుర్తుకొస్తుంది.

రెండో నంబర్ ఆ అమ్మాయి వేసింది. మొన్న సోమవారం క్లాసు అయిపోయాక ఒక నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. వాళ్ల తాత మేళం తిరిగిన ఊళ్లు పదిహేడు, ఊరికొక పేజీ. చాలా పేజీల్లో ఊరి పేరు, చెట్టు పేరు మాత్రమే ఉన్నాయి. చింత, మర్రి, వేప, మామిడి, మళ్లీ చింత.

"మిగతాది తాత యాదికి తెచ్చుకుంటుండు సార్" అంది.

తొందరగా పోండి మిత్రులారా. తాతలు యాదికి తెచ్చుకుంటున్నారు.

జై భీమ్. వచ్చే వారం డక్కలి వాళ్ల పటాల గురించి.